నాటుటకును నరకుటకును నడుమ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని పురపాలక, నగరపాలక సంఘముల కమీషనరుగార్లకు,

ఆర్యులారా,

మా ఇంటి తూర్పుగోడలో, వంటగది కిటికీ మూలనుండి పునాది వరకు ఏటవాలుగా దిగిన బీట యొకటి కలదు. చైత్రము వెళ్ళి ఎండలు ముదిరిన కొలది అది విచ్చుకొనును. రోహిణికార్తె నాటికి అందులో రూపాయిబిళ్ళ నిలువుగా నిలిచెడిది. వానలు పడి, నేల నాని, ఆశ్వయుజము వచ్చునప్పటికి అదే బీట గోరు దూరనంతగా మూసికొనిపోవును. పదునాలుగు సంవత్సరములుగా నేను దీనిని చూచుచున్నాను. మూడు మారులు తాపీమేస్త్రి సిమెంటుతో పూడ్చినాడు. మూడు మారులును మరుసటి వేసవికి ఆ సిమెంటు పెచ్చులై రాలిపోయినది. ఆ గోడకు నాలుగడుగుల దూరమున, ఇల్లు కట్టిన యేటనే మా తండ్రిగారు నాటిన వేపచెట్టు నిలిచియున్నది. ఆ గోడకును ఈ చెట్టుకును నడుమ జరుగుచున్న వ్యవహారమును గూర్చియు, అందులో మీరు వహింపదగిన బాధ్యతను గూర్చియు కొన్ని మాటలు మనవి చేసికొనుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

మా తండ్రిగారిని నేను తప్పుపట్టుట లేదు. నూటయేబది గజముల స్థలములో ఇల్లు కట్టి, మిగిలిన సందులో ఇంత నీడ కావలెనని కోరి, జానెడు మొక్కను తెచ్చి పెట్టిన గృహస్థునకు నాలుగడుగుల దూరము విశాలముగానే తోచియుండును. మొక్కను నాటువాని కన్ను మొక్కమీదనే యుండును గాని, ముప్పదియేండ్ల పిమ్మట అదే చోట, అదే గోడ ప్రక్కన, రెండు చేతుల కౌగిట ఇమడని బోదెతో నిలువబోవు మానును అది చూడజాలదు. ఆ మానును ముందుగా చూచి చెప్పగలవారు వేరొకరు ఉండవలెను. పూర్వము ఊరిలో ఒక పెద్ద రైతు చెప్పెడివాడు. నేడు పట్టణములలో ఇంటి పటమును మంజూరు చేయువారు మీరు, ఉచితముగా మొక్కలు పంచువారు మీరు, చెట్టు కొట్టుటకు అనుమతి యిచ్చువారిలో మీ మాట చెల్లును. కావున ఆ పెద్ద రైతు స్థానము న్యాయముగా మీదే.

మాది కృష్ణకు దక్షిణమున నల్లరేగడి నేల. పత్తికిని మిరపకును పేరుపడిన ఆ నేల ఇండ్లకు మాత్రము కఠినమైన ఆశ్రయము. తడిసినపుడు పొంగును, ఆరినపుడు కుంగి నెర్రెలు విచ్చును. వేసవిలో పొలములోని నెర్రెలో చేతికఱ్ఱ దింపినచో మూరెడు లోతునకు పోవుట మా రైతులెల్లరును ఎరిగినదే. చెట్టు లేకున్నను ఈ నేల కదలుచునే యుండును. చెట్టున్నచో ఆ కదలిక ఒకవైపున హెచ్చును. పెరిగిన వేప వేసవిలో తన వేళ్ళు వ్యాపించినంత మేర తేమను పీల్చి ఆకులద్వారా గాలిలోనికి విడుచుచుండును. చెట్టువైపు నేల మిక్కిలిగా ఆరి మిక్కిలిగా కుంగును, ఆవలివైపు నేల కొంచెముగా కుంగును. ఒకే గోడక్రింద నేల రెండు రీతుల దిగిపోవుచుండగా ఆ గోడ ఏటవాలుగా చీలక యేమి చేయును?

మేస్త్రి మాత్రము వేరు పోయి పునాదిని పగులగొట్టినదనెను. నేనును చిరకాలము అదే నమ్మితిని. తుదకొక వేసవిలో, మనసు నిలువక, గోడ మొదట మూడడుగుల లోతు తవ్వించి చూచితిని. బండరాతి కట్టడము చెక్కుచెదరక యున్నది. చిటికెనవ్రేలంత వేరు కూడ దానిని తాకలేదు. రాతి ప్రక్కనున్న మట్టి మాత్రము కాల్చిన ఇటుకవలె గట్టిపడి, రాతినుండి విడిపోయి, వ్రేలు దూరునంత సందు ఏర్పడియుండెను. వేరు రాతిని బద్దలు కొట్టలేదు, మట్టిని ఎండబెట్టినది. ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును గాని, దోషమెక్కడనున్నదో తెలిసినప్పుడే గదా చికిత్స తెలియుట. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకొరకే, అడుగుభాగము గడ్డవలె ఉబ్బియుండు అండర్ రీమ్డ్ పైల్ పునాదులను రూపొందించి ప్రచారము చేసిరి. కదలెడి పైపొరను దాటి, కదలని లోతునకు ఇంటి భారమును దింపుటయే వానిలోని రహస్యము. అట్టి పునాది వేసిన యింటికి వేపచెట్టు భయము చాలవరకు తీరిపోవును. నల్లరేగడిలో ఇల్లు కట్టుకొనుచున్న సామాన్యునకు ఈ మాట చెప్పువారెవ్వరు?

మురుగుగొట్టములను గూర్చియు జనులు ఇట్లే తలంతురు. వేరు నీటి వాసన పట్టి వచ్చి గొట్టమును చీల్చునందురు. బిగువైన గొట్టమును వేరు చీల్చుట అరుదు. అతుకు వదలి తడి ఊరుచున్న చోట పీచువంటి కొస లోపలికి దూరి, లోపల జడవలె పెరిగి, గొట్టమును మూసివేయును. చెట్టును కొట్టినను ఆ అతుకు కారుచునే యుండును.

అట్లయిన చెట్టును తీసివేయరాదా యని మా బంధువులందరును అడిగిరి. ఇచ్చటనే నేనొక విషయమును నొక్కి చెప్పదలచినాను. రేగడినేలలో పెద్దచెట్టును ఒక్కసారిగా కొట్టివేయుట కూడ ప్రమాదమే. ఏండ్ల తరబడి చెట్టు పీల్చగా ఎండియున్న లోతుమట్టి, పీల్చువారు లేకపోగా, వానలకు మెల్లగా నాని పొంగుట మొదలిడును. మా వీధి చివరి యింటివారు ప్రహరీ లోపలి పెద్ద రావిని మొదలంట కొట్టించిరి. రెండవ వర్షాకాలమునకు వారి వెనుకగది గచ్చు తాబేటివీపువలె లేచెను; తలుపు చట్రములో ఇరుకుకొని మూతపడకపోయెను. అంతవరకు లేని బీటలు గోడలకు వచ్చెను. చెట్టు ఉండుట ఒక చిక్కు, చెట్టు పోవుట రెండవ చిక్కు. ఈ రెంటి నడుమ నడువవలసిన దారి ఒకటి కలదు, దానికి ఓర్పును నేర్పును కావలెను. మన పట్టణములలో ఆ దారి తెలిసినవారు లేకపోయిరన్నదే నా ఆవేదన.

ఆ సంగతి నాకు అనుభవమున తెలిసినది. చెట్టుకొమ్మలను క్రమముగా తగ్గించుటకు సలహా కోరి, తగిన మనిషిని చూపుమని అడుగుటకు ఒక కార్యాలయమునకు పోయితిని. అచ్చటి గుమాస్తా మర్యాదస్థుడు, కుఱ్ఱవాడు. నన్ను కూర్చుండబెట్టి, "చెట్టు కొట్టించాలా అండీ, నాటించాలా?" అని అడిగెను. "రెండూ కాదు నాయనా, ఉంచుకోవాలి" అంటిని. అతడు సొరుగులోని దరఖాస్తు ఫారములను రెండు మారులు తిరగవేసి చూచి, నొచ్చుకొనుచు, "దానికి మా దగ్గర కాగితం లేదండీ" అనెను.

అయ్యా, ఆ యువకుని తప్పేమియు లేదు. అతడు పలికినది మన పట్టణములన్నింటి సత్యము. 1950లో కె.ఎం. మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించిన నాటినుండి నాటుట మనకు పండుగ యైనది; తెలంగాణములో 2015లో హరితహారము వచ్చి ఆ పండుగను మహోద్యమముగ మార్చినది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, జనులు వాల్టా యని పిలుచునది, అనుమతి లేనిదే చెట్టు నరకరాదని శాసించినది. రెండును మేలైనవే. కాని నాటిన దినమునకును నరికెడి దినమునకును నడుమ చెట్టు ముప్పది, నలువది, అరువది యేండ్లు మనతో కాపురముండును. ఆ కాపురమును గూర్చి ఏ పండుగయు లేదు, ఏ కాగితమును లేదు.

కాగితము లేనిచోట గొడ్డలి వచ్చును. మా ఇంటికిని వచ్చినది. చెట్లు కొట్టుటయే జీవికగా గల ఒకడు, ఒక పూటలో, మా వేపను తల నరికి బోడి చేసి, మూడు మొండిచేతులవంటి కొమ్మలను మాత్రము మిగిల్చి, కట్టెలు బండిమీద వేసికొని పోయెను. ఇల్లంతయు ఒక్కసారిగా ఎండలో పడినది. గూడు పోయిన కాకులు రెండు దినములు పిట్టగోడమీద అరచుచుండెను. ఆ వానకాలమునందే ప్రతి మొండినుండియు ఇరువది ముప్పది రెమ్మలు చీపురుకట్టవలె నిటారుగా లేచినవి. రెండేండ్లలో అవి పూర్వపు కొమ్మలకంటె ఎత్తు పెరిగినవి. చూచువారు చెట్టు తేరుకొన్నదని సంతోషించిరి. అది తేరుకొనుట కాదు, ఆకలిగొనుట. ఆకులన్నియు పోయిన చెట్టు నిలువచేసికొన్న పోషకమునంతయు వెచ్చించి ఆదరాబాదరాగా ఆకు తొడిగినది. అట్లు పుట్టిన రెమ్మ మాను లోపలినుండి అల్లుకొని వచ్చినది కాదు, పైచర్మమునకు అతుకుకొని యున్నది. మూడవ యేట ఒక సాయంకాలపు గాలివానకు చేయి లావు రెమ్మ ఊడి పొరుగింటివారి రేకులమీద పడెను. మొండికొనలలో వాననీరు నిలిచి పుచ్చు మాను లోపలికి దిగినది. ప్రమాదము తగ్గింపబోయి నేను డబ్బిచ్చి ప్రమాదమును కొనుక్కొంటిని.

ఆ తరువాతనే నేను ఈ విషయమును శ్రద్ధగా చదువ నారంభించితిని. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది మానులను నిలువునా చీల్చి, గాయపడిన చెట్టు లోపల ఏమి జరుగునో జీవితమంతయు పరిశీలించెను. జంతువు శరీరమున గాయపడిన చోట క్రొత్త మాంసము పుట్టి గాయము మానును. చెట్టు గాయము అట్లు మానదు. చెట్టు ఆ భాగమును లోపలినుండి గోడలు కట్టి వేరుచేసి, దానిని అట్లే యుంచి, పైన క్రొత్త పొరలు పెంచి మూసివేయును. మనము కోసిన ప్రతి కోతయు చెట్టు చచ్చువరకు దాని లోపల భద్రముగా నుండును. ఈ యొక్క సంగతి తెలిసినచో రంపము పట్టిన చేయి దానంతట అదే నెమ్మదించును.

కొమ్మ మానుతో కలియు చోట, దగ్గరగా చూచినచో, చర్మము ముడుతపడి కంకణమువలె ఉబ్బియుండును. గాయమును మూసివేయు శక్తి ఆ కంకణములో నున్నది. కోత ఆ కంకణమునకు ఆవల పడవలెను. దానిని చెక్కివేసి మానుకు సమముగా కోయరాదు, దానికి దూరముగా కోసి మొండి మిగుల్పరాదు. బరువైన కొమ్మను ఒకే కోతతో తీయబోయినచో అది సగము తెగి వ్రేలాడి, క్రిందివైపు చర్మమును మానుమీదుగా రెండడుగుల మేర చీల్చుకొని పోవును. కావున మొదట మానుకు అడుగెడు దూరమున, క్రిందివైపునుండి మూడవవంతు మందము వరకు రంపము పెట్టవలెను. పిదప దానికి ఇంకను ఆవల, పైనుండి కోసి కొమ్మను దింపవలెను. తుదకు మిగిలిన తేలికపాటి మొండిని కంకణమువద్ద తీసివేయవలెను. ఇన్నేండ్లుగా మనము అలవాటుపడిన తారుపూత, రంగుపూత అక్కరలేదు. పూతక్రింద తేమ నిలిచి పుచ్చునకు మేలు చేయుటయే కాని చెట్టునకు అది సాయపడదు. ఒక సంవత్సరములో ఆకుబలమున నాలుగవవంతునకు మించి తీయరాదు. గూళ్ళున్నవో లేవో చూడనిదే ఎక్కరాదు. ఇంతే విద్య. ఒక చుఱుకైన మనిషికి నాలుగు దినములలో నేర్పవచ్చును.

ఎక్కుటకు మనుష్యులు లేరా? ఉన్నారు. మోకుతో తాడిచెట్టునెక్కు గీతకార్మికులును, కోనసీమలో కొబ్బరి దింపువారును గాలిలో నిలిచి పనిచేయుట పుట్టినదాదిగా ఎరిగినవారు. వారిలో కొందరికి మంచి రంపమును, నడుముపట్టెడను, ఈ నాలుగు దినముల విద్యను ఇచ్చి, సంఘము ముద్ర గల గుర్తింపుపత్రము నిచ్చినచో, ప్రతి పట్టణమునందును గృహస్థులు వారిని పిలిచికొని న్యాయమైన కూలి యిత్తురు. ఇల్లు కట్టుటకు తాపీమేస్త్రి యున్నట్లే చెట్టునకు చెట్టుమేస్త్రి యొకడుండవలెను. విద్యుత్తు తీగలక్రిందనున్న చెట్లను ఏటేట వానలకు ముందు ఒకవైపే అడ్డముగ నరికి, ఇంకొకవైపు బరువు అట్లే యుంచి, గాలికి ఒరిగిపోవునట్లు చేయుచున్న పని కూడ అట్టి శిక్షణ గలవారి చేతికే పోవుట మేలు.

గాలిమాట వచ్చినది గనుక హుద్‌హుద్‌ను తలచుకొనక తప్పదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన ఆ తుపాను నగరపు పచ్చదనమును ఒక్కదినములో ఊడ్చివేసెను. అటుపిమ్మట త్వరగా పచ్చదనము రావలెనను ఆతురతతో అచ్చట విరివిగా నాటినవానిలో ఏడాకులచెట్టు ఒకటి. సప్తపర్ణమని సంస్కృతమున పేరుగాంచిన ఉదాత్త వృక్షమది; శాంతినికేతనమున దాని నీడలోనే దేవేంద్రనాథ ఠాకూరుగారు ధ్యానము చేసిరి, విశ్వభారతి స్నాతకోత్సవమున దాని యాకునే పట్టభద్రుల కిచ్చెడివారు. తోటలో, విశాలమైన మైదానములో అది పూజనీయము. కాని శరదృతువున అది గుత్తులుగుత్తులుగా పూచినపుడు రాత్రివేళ వెలువడు ఘాటువాసన పడకగది కిటికీ ప్రక్కన నిలువనీయదు. ఉబ్బసము గలవారి మొర విశాఖలో ఏటేట వినవచ్చుచునే యున్నది. కోనోకార్పస్ అను చెట్టు కథయు ఇట్టిదే. నీరు పోయకున్నను పెరుగును, పశువులు ముట్టవు అని రహదారుల మధ్యను, ఇండ్లముందును వరుసలు వరుసలుగా పెట్టితిమి. గుజరాతువారు 2023లో దానిని నిషేధించిరి, మన రాష్ట్రములలోను దానిపై అభ్యంతరములు పెరిగినవి. రెండు చోట్లను చెట్టు దోషి కాదు. త్వరగా పెరుగును అను ఒక్క గుణమును చూచి, ఎక్కడ, ఎవరి గోడప్రక్కన అను ప్రశ్నను మనము వేసికొనలేదు.

ఆ ప్రశ్న మన పూర్వులు వేసికొన్నదే. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చెట్టుకును చెట్టుకును నడుమ ఇరువది మూరల దూరము ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండుకు తగ్గరాదనియు చెప్పెను. దగ్గరగా నాటిన చెట్లు ఒకదానినొకటి తాకి, వేళ్ళు పెనవైచుకొని, పీడింపబడి సరిగా ఫలింపవని కారణమును కూడ చెప్పెను. ఇరువది మూరలనగా ముప్పది యడుగులు. మా నూటయేబది గజముల స్థలపు వెడల్పు ముప్పది యడుగులు! రెండు పెద్దచెట్ల నడుమ ఉండవలసిన దూరములో ఒక కుటుంబము ఇల్లు, బావి, స్నానపుగది, సెప్టిక్ ట్యాంకు కట్టుకొని, మిగిలిన మూడడుగుల సందులో బాదమును, నేరేడును, టెంకనుండి మొలచిన మామిడిని పెట్టుకొనుచున్నది. మామిడిటెంక పెట్టినవానికి అది ఎంత మానగునో తెలియదు. దశేరి, నీలం రకముల సంకరమైన ఆమ్రపాలి యంటుమొక్క కుదురుగా పెరిగి చేతికందు నెత్తున కాయునని చెప్పువారున్నచో అదే పెట్టుకొని యుండును.

ఇరుకుచోట చెట్టే వలదని నేననుట లేదు. పడమటి ఎండకు కాలిన గోడప్రక్కన ఒక చిన్నచెట్టు నీడ ఇంటిలోనివారికి ఎంత హాయినిచ్చునో మన వేసవులు ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పారిజాతము, నందివర్ధనము, దానిమ్మ, నిమ్మ, కరివేప, ఏటేట కత్తిరించుకొన్న జామ — ఇవి గోడతో తగవు పడవు. కొబ్బరిని గూర్చి జనులకు భయమెక్కువ. నిజమునకు దానికి తల్లివేరు లేదు, దాని వేళ్ళు ఏండ్లు గడచినను లావెక్కవు, పునాదికి దానివలన కీడు అల్పము. కీడంతయు పైనుండి పడు కాయతోను మట్టతోను. అందుకు గోదావరిసీమవారి గంగాబొండము వంటి పొట్టిరకము నాటుకొన్నచో చాలయేండ్లు నేలమీద నిలుచుండియే బొండము కోసికొనవచ్చును. మునగ వేగముగా పెరిగి పెళుసుగా విరుగును. దానిని తలయెత్తున ఆపుకొనుచుండవలెను. రావి, మర్రి, మేడి మాత్రము ఇంటి సందులోనికి రాదగినవి కావు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును చూచినవారికి మర్రి ఎంత చోటడుగునో తెలియును. ఒక్క మాను ఎకరముల మేర పరచుకొని, ఊడలే స్తంభములుగా నిలిచిన వైభవమది.

రావిని గూర్చి ఒకమాట అదనముగా చెప్పెదను, ఏలయన ఇది ఎవరును నాటకయే వచ్చు చెట్టు. పక్షి రెట్టలోని గింజ డాబా పిట్టగోడ సందున పడి, రెండాకులతో ఎఱ్ఱగా మెరయుచు మొలచును. దేవతావృక్షమని పెరికివేయుటకు చేయిరాదు. పైకి పెరిగినపుడు సిగ్గుపడుచు పైభాగమును త్రుంచుదురు. త్రుంచిన కొలది లోపలి వేరు లావెక్కి ఇటుకలను విడదీయును. జానెడు లోపుననే, సున్నమును గీకి, వేరుతో సహా తీసి, కుండీలో పెట్టి, పెరిగిన పిమ్మట చెరువుగట్టుకో, గుడి ఆవరణకో చేర్చుట ఉభయులకును క్షేమము. మా యింటి పిట్టగోడనుండి అట్లు తీసిన రావి యొకటి ఇప్పుడు ఊరిబయటి చెరువుకట్టమీద గొఱ్ఱెలకాపరులకు నీడనిచ్చుచున్నది.

ఇంకొక తొందరపాటు మన కండ్లయెదుటనే జరిగినది. 2021 చివరిలో రెండు రాష్ట్రములయందును వేపచెట్లు కొమ్మల కొనలనుండి మాడుచు, నిప్పంటుకొన్నట్లు గోధుమరంగున కానవచ్చెను. శిలీంధ్రమువలన వచ్చు కొమ్మయెండు తెగులది, టీదోమ యను పురుగు దానికి తోడైనది. చచ్చినవని తలచి కొట్టించినవారు కలరు. మాది కూడ మాడినది. మా యింటివారు కొట్టింతమనిరి. ఎండుకొనలు తీయించి వేచితిని. వేసవి చివర అడుగుకొమ్మలలో లేతచిగురు వచ్చినది. చెట్టు చచ్చినదని నిర్ణయించుటకు ముందు గోరుతో చర్మమును గీరి, లోపల పచ్చదనమున్నదో లేదో చూచుటకు క్షణము పట్టును. ఆ చిన్న పరీక్షను చెప్పు మనిషి వార్డుకొకడున్నచో ఎన్ని వేపలు దక్కెడివో కదా!

ఇక మా గోడ మాట. డాబామీది వాననీరు గోడ మొదట పడకుండ గొట్టముతో దూరముగా దింపించితిని. చెట్టు మొదట గొంతువరకు పోసియున్న గచ్చును పగులగొట్టించి నాలుగడుగుల పాదు తీయించితిని. గాలియాడక పైకెగసిన వేళ్ళే గచ్చును లేపుచుండెను. మాఘమునుండి వానలు పడువరకు, చెట్టునకు గోడలేని వైపున, వారమునకొకమారు నేల నిండుగ తడియునట్లు నీరు పెట్టుచున్నాను. చీపురురెమ్మలలో బలమైనవానిని మూడింటిని ఉంచి తక్కినవానిని నాలుగేండ్లలో కొంచెము కొంచెముగా తీయించినాను. ప్రహరీ ఒరిగిన చోట వేరును నరకక, దానిపై చిన్న లింటెల్ వేసి గోడను దాటించినాడు మేస్త్రి. గడచిన రెండు వేసవులలో ఆ బీటలో రూపాయిబిళ్ళ నిలువలేదు. బీట పోలేదు, కదలుట తగ్గినది. అంతకుమించి నేను ఆశింపను.

ఈ పనులలో ఏదియు గొప్ప ధనముతో కూడినది కాదు. కాని ప్రతి గృహస్థుడును పదునాలుగేండ్లు పొరబడి నేర్చుకొననక్కరలేదు. ఇంటి పటము మంజూరు చేయునపుడు ఆ కాగితములతోపాటు, ఆ నేలకు ఏ చెట్టు గోడకెంత దూరముండవలెనో తెలుగులో ఒక పుట జతపరచుడు. మొక్కలు పంచునపుడు ఇంటికెన్ని యని కాక, చోటెంత యని అడిగి పంచుడు. పంచిన మొక్కకు మూడవయేట ఒక్కమారు మనిషిని పంపి, ఒకే యెత్తున పోటీపడి పెరుగుచున్న రెండు తలలలో ఒకదానిని, బొటనవ్రేలి లావున నున్నపుడే, తీయింపుడు. మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు పిల్లలను గూర్చి చెప్పిన సామెత చెట్ల విషయమున అక్షరాల నిజము. వీధిమొక్కలకు కట్టిన ఇనుపకంచెలను మాను వానిని మ్రింగక పూర్వమే విప్పింపుడు. చెట్టు కొట్టుటకు అనుమతి కోరి వచ్చినవానికి, కొట్టకయే తీరు ఉపాయమున్నదేమో చూచి చెప్పు చెట్టుమేస్త్రిని ముందు పంపుడు. అతడు చూచి, వలదు, కొట్టవలసినదే యన్నచో జాప్యము చేయక అనుమతి నిండు. ఇంటిమీద ఒరిగిన పుచ్చుమానుక్రింద పిల్లలతో పండుకొన్నవానిని కార్యాలయముచుట్టు త్రిప్పుట వృక్షప్రేమ కాదు.

వీనిలో అన్నియు ఒక్కయేట కావని నేనెరుగుదును. మీకు సిబ్బంది తక్కువ, పనులు మెండు. అందుచేత మొదట ఒక్కటే కోరుచున్నాను. ఆ గుమాస్తా సొరుగులో కొట్టుటకు ఒక ఫారమును, నాటుటకు ఒక ఫారమును ఉన్నవి. చెట్టును ఉంచుకొనదలచి వచ్చిన గృహస్థునకు ఇచ్చుటకు మూడవ ఫారమును అచ్చువేయించి, ఈ వానలు వెనుకబట్టకముందే ప్రతి వార్డు కార్యాలయమునకు పంపింపుడు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
నల్లరేగడిపై ఇల్లు కట్టుకొన్న ఒక గృహస్థుడు